నీటి పరుపు

పోయిన వారం మనం పిచ్చుకను ఆస్పత్రి వరండాలో, అద్దాల తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. తలుపు అవతల మంచం మీద ఆమె మొగుడున్నాడు. వీధంతా పరుపులాయన అని పిలిచే మనిషి, దూది మూటను ఒంటి చేత్తో భుజానికెత్తుకునే మనిషి. ఆ పొద్దున్న కుట్టుబల్ల ముందు కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తూనే పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కిటికీ వెలుగు కంట్లో పడితే మూలుగుతున్నాడు. మెడ కర్రలా బిగుసుకుపోయింది. తన తల మీద ఎవరో మూట పెట్టి మరిచిపోయారని, దించమని ఒకటే గొడవ. తల మీద మూట లేదు. బండిలో ఆస్పత్రికి చేరేసరికి ఆ గొడవ కూడా ఆగిపోయింది. అప్పుడు అద్దాల తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తల బయటికి పెట్టి భార్య ఎవరని అడిగి, చేతులు కడుక్కుని లోపలికి రమ్మంది.

పిచ్చుక లోపలికి వెళ్ళింది.

ఆ పేరు మొగుడు పెట్టిందే. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కొట్లో నేల మీద రాలిన దారపు ముక్కలూ దూది పింజలూ ఏరి, ఊరికే పారేయడం ఇష్టం లేక ఒక మూల పోగు చేసేది. గూడు కడుతున్నావా పిచ్చుకా అన్నాడు అతను. అది అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి చూడాలని ఆమెకే తోచదు.

వీపులోంచి కాస్త నీరు తీయాలి, మనిషిని ముడుచుకున్నట్టు పట్టుకోవాలి, నర్సమ్మ ఒక్కతే పట్టలేకపోతోంది అని డాక్టరమ్మ చెప్పింది. తెలిసిన చెయ్యి అయితే మత్తులో ఉన్న మనిషైనా కాస్త కుదుటపడతాడు అంది. పిచ్చుక ఒక చెయ్యి అతని భుజాల వెనకా, ఒక చెయ్యి మోకాళ్ళ వెనకా వేసి దగ్గరికి లాక్కుంది. పెద్ద పరుపుల్ని మడిచి తాడు కట్టేటప్పుడు ఇలాగే ఒకరు బలంగా అదిమి పట్టుకోవాలి. ఎప్పుడూ పట్టుకునేది అతను, తాడు వేసేది ఆమె. అతని ఒంటి వేడి ఆమె రవిక గుండా లోపలికి తగులుతోంది. వేళ్ళు జారకుండా పట్టుకుని, అతని భుజం మీదుగా చూసింది.

సూది లోపలికి వెళ్ళింది. కాసేపు ఏమీ రాలేదు. తరవాత సూది చివర ఒక చుక్క పుట్టింది, ఆగింది, డాక్టరమ్మ పట్టుకున్న గాజు గొట్టంలోకి జారింది. వెనకే ఇంకొకటి. డాక్టరమ్మ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి చూసింది. పిండి కలిపిన నీళ్ళలా ఉంది. నర్సమ్మ ఒకసారి డాక్టరమ్మ ముఖం చూసి తల దించుకుంది.

"ఇది మంచినీళ్ళలా ఉండాలమ్మా," అంది డాక్టరమ్మ. "గొట్టంలో ఉందా లేదా అన్నంత తేటగా."

ఎక్కడి నీళ్ళివి అని అడిగింది పిచ్చుక. తలలోవి అంది డాక్టరమ్మ. తలలో ఊరి, వెన్నెముక గొట్టం వెంట కిందికీ పైకీ తిరుగుతుంటాయట. పిచ్చుక మొగుడి తల వంక చూసింది. ఎన్నేళ్ళుగానో నూనె రాసిన తల, తన ఒళ్ళో పెట్టుకుని పేలు చూసిన తల. అందులో నీళ్ళు తిరుగుతుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వరండాలోకి వచ్చేసరికి వదిన దిగింది. పరుపులాయన అక్క ఆవిడ. తల్లి పోయిన తరవాత తమ్ముణ్ణి పెంచిందీ, కొట్టు నడిపిందీ, నడుపుతున్నదీ ఆవిడే. దూది ఏకే మిషను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది, గుసగుస చెప్పినా మూడు గదులకు వినిపిస్తుంది. జుట్టు నిండా పింజలు. కుడి ముక్కులో చిన్న దూది ఉండ. పని మధ్యలోంచి అలాగే వచ్చేసింది.

డాక్టరమ్మ ఇద్దర్నీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టింది. బల్ల, మూడు కుర్చీలు, కడిగి బోర్లించిన గ్లాసులు. మెదడును చుట్టి పొరలుంటాయి, ఆ పొరలకు చీము పట్టింది, దీన్ని మెనింజైటిస్ అంటారు అని చెప్పింది. పరీక్ష కోసం ఆగకుండా రాగానే మందు ఎక్కించడం మొదలుపెట్టామంది. బతుకుతాడా అని వదిన అడిగితే, తిన్నగా ఆవిడ కళ్ళలోకి చూసి, ఇప్పుడే చెప్పలేనంది.

"కానీ నాకొకటి తెలియాలి. ఆ పొరల దాకా మామూలుగా ఏదీ పోవడానికి వీల్లేదు. చుట్టూ ఎముక. ఈ చీము తెచ్చిన కంటికి కనిపించని పురుగు ఏ దారిన వెళ్ళిందో తెలియకపోతే, ఇవాళ మందుతో చంపినా రేపు అదే దారిన ఇంకోటి వెళ్తుంది."

చెవిలో చీము కారేదా అని అడిగింది. లేదన్నారు. పన్ను నొప్పి? లేదు. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?

వదిన చెయ్యి అడ్డంగా ఊపింది. తగలకేం, పనన్నాక తగులుతాయి. మొన్నామధ్య, మూడు నెలలవుతుందేమో, మూటల మీదికెక్కి జారి ముందుకు పడ్డాడు. మిషను ఇనపచట్రం అంచు సరిగ్గా కనుబొమల మధ్య తగిలింది. ముక్కులోంచి కాసేపు రక్తం కారి ఆగిపోయింది. కుట్లు వేయించారు. తెల్లారేసరికి రెండు కళ్ళ చుట్టూ నల్లగా గుండ్రంగా కమిలిపోతే, కళ్ళజోడు ఎప్పుడు కొన్నావని వీధంతా ఆట పట్టించింది. అదీ పోయింది. గాయం మానింది. మానిపోయిన దాని గురించి ఇప్పుడెందుకమ్మా అంది.

డాక్టరమ్మ కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. ఆ తరవాత ముక్కు కారేదా అని అడిగింది.

వదినకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

"మా దగ్గర ముక్కు కారనివాడు పని చేయనివాడని లెక్కమ్మా," అంది.

అది నిజమే. దూది పని చేసే ఇంట్లో గాలి నిండా కంటికి కనిపించీ కనిపించని నూగు తేలుతుంటుంది. కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా కొన్నాళ్ళకే ముక్కు కారడం మొదలవుతుంది, ఇంక ఆ పనిలో ఉన్నంత కాలం కారుతూనే ఉంటుంది. వాళ్ళు దాన్ని దూది ముక్కు అంటారు. దానికి మందు కూడా దూదే. పొడుగు పోగున్న శుభ్రమైన పింజ తీసుకుని రెండు వేళ్ళ మధ్య ఉండ చేసి ముక్కులో పెట్టుకోవడం, భోజనానికి లేచినప్పుడు మార్చుకోవడం. వదిన చుట్టిన ఉండకు పేరు. తుమ్మినా జారదు. తమ్ముడికి దెబ్బ తగిలిన తరవాత ముక్కు మరీ కారుతోందని ఆవిడే రోజూ ఉండలు చుట్టి పెట్టేది, ఒకటికి రెండు, గట్టిగా.

ఇదంతా వదిన కాస్త గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో అడ్డు రాకుండా విని, చివర ఒక్కటే అడిగింది.

"రెండు వైపులా కారేదా? ఒక వైపేనా?"

దూది ముక్కుకు పక్కలుండవు. కారితే కారుతుంది. ఎవరూ ఆ లెక్క చూడలేదు.

"ఎడమ వైపే," అంది పిచ్చుక.

ఆ గదిలోకి వచ్చాక ఆమె అన్న మొదటి మాట అది. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరమ్మ చేతిలో కలం బల్ల మీద పెట్టేసి, తొందర లేదు, నెమ్మదిగా చెప్పమంది.

పిచ్చుక చెప్పింది. ఆమెకు పెద్దగా మాట్లాడటం రాదు గానీ చూసింది చూసినట్టు చెప్పడం వచ్చు. అతను వంగినప్పుడే కారేది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే సరిగ్గా కట్టని కుళాయిలా టపటపా నాలుగు చుక్కలు పడేవి, నిటారుగా లేస్తే ఆగేవి. చీమిడి కాదు, నీళ్ళు. కొట్లో అందరి రుమాళ్ళూ ఆమే ఉతుకుతుంది. మిగతావన్నీ ఆరి అట్టలా పెళపెళలాడేవి. అతనివి మాత్రం ఆరిన తరవాత కూడా మెత్తగా, వాడనట్టే ఉండేవి. పొద్దున లేచేసరికి దిండు ఎడమ పక్క తడి. చొంగ నీదంటే నీదని ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. వెల్లకిలా పడుకుంటే గొంతులో ఉప్పగా ఏదో దిగుతోందనేవాడు. ఇంకొకటి కూడా ఉంది. ఒకరోజు మిషను బెల్టు కాలి కొట్టంతా కంపు కొట్టింది. అందరూ ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తారు. అతను పక్కనే కూర్చుని ఏమైంది, ఎక్కడికి పోతున్నారు అని అడిగాడు.

డాక్టరమ్మ ఎడమ అరచేతిని బల్లలా చాపి, కుడి చేతి పిడికిలిని దాని మీద తాకీ తాకకుండా పట్టుకుంది. పిడికిలి మెదడు అనుకోమంది. అరచెయ్యి దాని కింది ఎముక.

"ఈ అరచేతి కిందే ముక్కు. ముక్కుకు పైకప్పు ఏదో, మెదడుకు నేల అదే. తలలో అంత గట్టి ఎముక ఉందా, ఈ ఒక్క చోట మాత్రం గుడ్డు పెంకంత పలచన. వాసన తెలియజేసే నరాలు దిగడానికి అందులో సన్నసన్నని చిల్లులు కూడా."

మరి పిడికిలి చేతికి ఆనలేదేం అని అడిగింది వదిన. అక్కడే ఉందమ్మా చిత్రం అంది డాక్టరమ్మ. మెదడు కేజీన్నర దాకా తూగుతుంది, కానీ వెన్నంత మెత్తన. ఎముక మీద నేరుగా కూర్చుంటే తన బరువుకు తనే నలిగిపోతుంది. అందుకని దాని చుట్టూ నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో తేలుతుంటుంది కాబట్టి కింద ఎముకకు దాని బరువు చిన్న దిండంత కూడా తెలియదు. మనం పరిగెత్తినా, ఎగిరినా, మూటలు మోసినా ఆ నీళ్ళే కాచుకుంటాయి.

వదిన పిడికిలి వంకే చూస్తూ ఉండిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ పరుపుల మధ్యే ఉంది. నడుము నొప్పి వాళ్ళకీ, బాలింతలకీ, మంచాన పడ్డ ముసలివాళ్ళకీ ఏ ఒంటికి ఎంత దూది వేయాలో చేత్తో తూచి చెప్పగలదు.

"పరుపన్న మాట," అంది చివరికి, చిన్నగా. ఆవిడ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని పిచ్చుకకు అప్పుడే తెలిసింది.

"నీటి పరుపు," అంది డాక్టరమ్మ.

"ఎవరూ కుట్టనిది."

"ఎవరూ కుట్టనిది. దాని నేల పగిలింది. మీ తమ్ముడికి ఎడమ ముక్కులోంచి కారింది దూది ముక్కు కాదు. ఈ నీళ్ళు."

వదిన వెంటనే ఒప్పుకోలేదు. మూడు నెలలు కారితే ఆ నీళ్ళు ఎప్పుడో అయిపోవాలి కదా అంది. మధ్యలో మనిషి పరుపులు కుట్టాడు, మూటలు మోశాడు, మా అందరి మీదా అరిచాడు, పరుపు ఎండిపోయినవాడు అలా తిరుగుతాడా అని నిలదీసింది. డాక్టరమ్మకు కోపం రాలేదు. అయిపోవమ్మా, కొత్తవి ఊరుతూనే ఉంటాయి అంది. అందరి తలల్లోనూ, మీ తలలో, నా తలలో, ఈ నీరు రోజుకు మూడు నాలుగు సార్లు పూర్తిగా మారిపోతుంది. మీ తమ్ముడి తల, పోయిందాన్ని పోయినట్టే నింపుకుంటూ వచ్చింది. మనిషి నిద్రపోతున్నా, తిడుతున్నా, మూటలు మోస్తున్నా అది మాత్రం తన పని మానలేదు.

పిచ్చుక పక్కలో పడుకున్న మనిషి లోపల ఇంత పని జరుగుతోంది. ఆమె దిండు తడి మీద పోట్లాడుతూ ఉంది.

కాసేపటికి వదిన, తనలో తను లెక్క వేసుకున్నట్టు అంది. "కుట్టు ఊడిన చోట దూది బయటికి వస్తే, అదే చోట నుంచి దుమ్ము లోపలికి పోతుంది."

అదేనమ్మా జరిగిందంది డాక్టరమ్మ. ముక్కులో మామూలుగా అందరికీ ఉండే పురుగే, అక్కడున్నంత కాలం ఏ హానీ చేయదు, పగులు దారిన పైకి వెళ్ళింది.

"మరి నేను కుక్కిన దూది?"

దూది పెట్టకపోయినా పగులు ఉండేదే, అది మీరు చేసింది కాదు అంది డాక్టరమ్మ. కానీ తడిసిన దూది లోపల నిలవుండటం మంచిది కాదు, ఇకమీదట ఎవరికీ పెట్టకండి అని కూడా చెప్పింది. వదిన తన ముక్కులోని ఉండ తీసి, అరచేతిలో పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసి, కొంగు చివర ముడేసుకుంది.

అనుకోవడం వేరు, రుజువు వేరు అంటూ డాక్టరమ్మ లేచింది. ముగ్గురూ అతని మంచం దగ్గరికి వెళ్ళారు. తల మరీ కిందికి దించకూడదు, పక్కకు తిప్పితే చాలంది. నర్సమ్మ అతని ముఖాన్ని రెండు చేతులతో, పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకుని, కొంచెం ఎడమకు, కొంచెం ముందుకు వంచింది. డాక్టరమ్మ ముక్కు కింద చిన్న గాజు సీసా పట్టుకుంది.

ఏమీ రాలేదు. గోడ మీద పంకా తిరుగుతోంది. లేదేమో, ఇదంతా ఉత్తదేమో అని పిచ్చుకకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. అప్పుడు ముక్కు అంచున తడి మెరిసింది. మెరుపు గుండ్రంగా ముడుచుకుంది. చుక్క అయింది.

వీపులోంచి తీసిన నీటిలా మసకగా ఉంటుందనుకుంది పిచ్చుక. కొంచెం మసకగానే ఉంది. అయినా వెలుగు దానిలోంచి అవతలికి పోతోంది. కిటికీ మొత్తం, ఊచలతో సహా, తలకిందులుగా ఆ చుక్కలో ఇరుక్కుని కనిపించింది. అతను పుట్టినప్పటి నుంచీ ఎవరి కంటా పడకూడని నీరు. అతను అనుకున్నవీ, మరిచిపోయినవీ, ఆమెతో చెప్పినవీ చెప్పనివీ అన్నీ ఈ నీటి మీదే తేలుతూ ఉండి ఉంటాయి. దీన్ని ఆమె రుమాళ్ళలో ఉతికింది. సబ్బు పెట్టి, బండకేసి కొట్టి, పిండి, ఎండలో ఆరేసింది. పక్కింటి వాళ్ళ బట్టల పక్కనే.

చుక్క ఇంకొంచెం బరువెక్కి, సాగి, సీసాలో పడింది. నలుగురు ఆడవాళ్ళ తలలూ ఒకదానికొకటి ఆని ఉన్నాయి. ఎవరూ వెనక్కి జరగలేదు.

"ఇంతేనా?" అంది వదిన. చులకనగా అన్న మాట కాదు అది.

సాయంత్రానికి తల లోపలి ఎముకల ఫోటో కూడా తీశారు. డాక్టరమ్మ తెర మీద చూపించింది. ముక్కు పైకప్పులో ఎడమ పక్క, వెంట్రుక పడిందా అన్నట్టు ఒక సన్నని గీత. పిచ్చుక చెంగుతో తెర తుడవబోయి ఆగింది.

ఆ తరవాత వరండాలో బల్ల మీద వదిన, పిచ్చుక పక్కపక్కనే కూర్చున్నారు. ఎదురుగా గోడ. నువ్వు ఇన్ని చూశావు కదా పిల్లా, ఒక్కసారైనా నాతో అనలేదేం అని వదిన అడిగింది. అడగడంలో కోపం ఉంది, ఎవరి మీదో తెలియని కోపం.

"చెప్పాను వదినా. భోజనాల దగ్గర. ఇది మన ముక్కులా లేదు, ఒక పక్కే కారుతోందని."

"నేనేమన్నాను?"

పిచ్చుక గోడ వైపు చూసింది. చెబితే దెబ్బ, చెప్పకపోతే అబద్ధం. "అందరూ నవ్వారు. మొగుడి ముక్కు మీద కూడా కాపలాయేనా అన్నారు మీరు. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను."

వదిన తల ఆడించింది. గుర్తొచ్చింది కాబోలు. పిచ్చుక చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. దబ్బనం పట్టి పట్టి గట్టిపడ్డ వేళ్ళు ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్యా ఆ సంగతి మళ్ళీ రాలేదు.

మర్నాడు వదిన కొట్టు షట్టరు దించేసి వచ్చింది. ఆవిడ చేసిన పనల్లా అదే, కానీ ఆ షట్టరు పగటి పూట ఎప్పుడూ దిగదు. వీధి వీధంతా అది చూసి, మనిషి పోయాడని తేల్చేసుకుంది. మధ్యాహ్నానికి చాకలామె, తాళాలు బాగుచేసేవాడు, టైలరు, టైలరు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చేశారు. టైలరు అత్తగారు మెట్ల దగ్గరే రాగం ఎత్తుకుంది. వదిన ఎదురు వెళ్ళి, ఉన్నాడు, లోపలే ఉన్నాడు, మీ ఏడుపుకు లేస్తే మాత్రం మీకు రెండు దిండ్లు ఉచితం అంది. ఏడుపు అందుకున్నావిడ దాన్ని ఎక్కడ ఆపాలో తెలియక దగ్గుగా మార్చేసింది.

జ్వరం ఒక్కసారిగా దిగలేదు. మెట్లు దిగే ముసలివాడిలా, ఒక మెట్టు దిగి, ఆగి, ఒక్కోసారి మళ్ళీ ఒక మెట్టెక్కి, నెమ్మదిగా దిగింది. పిచ్చుక మంచం పక్క కుర్చీ వదల్లేదు. సీసాలోంచి మందు చుక్క చుక్కగా గొట్టంలోకి జారడం చూస్తూ, ఇంకో రకం చుక్కలు లోపల ఎక్కడో ఊరుతుంటాయని తలుచుకునేది. మొదట్లో ఆ తలంపు భయపెట్టేది. రానురాను అదే ధైర్యమైంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, అంత దెబ్బ తిన్న తల కూడా తన పరుపు తను నింపుకుంటోంది. ఆమె చేయగలిగింది కూర్చోవడమే. కూర్చుంది. అతని చెవి దగ్గర వంగి, తెలిసిన కబుర్లన్నీ చెప్పింది. టైలరు అత్తగారి సంగతి రెండుసార్లు చెప్పింది.

వీపులోంచి మళ్ళీ నీరు తీసినప్పుడు డాక్టరమ్మ గొట్టాన్ని కిటికీకి పట్టి, ఏమీ అనకుండా పిచ్చుక చేతికిచ్చింది. గొట్టం ఖాళీ అనుకుంది పిచ్చుక. వంచితే లోపల నీటి అంచు కదిలింది. అంత తేట.

ఇక పగులు సంగతి చూడాలి, దానంతటది మూసుకోకపోతే మనమే మూయాలని డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. తల కోయనక్కరలేదు, ముక్కులోంచే సన్నని పనిముట్లతో పైదాకా వెళ్ళి, అతని తొడలోంచి తీసిన పలచటి పొర ముక్కతో కప్పేస్తారట. వదిన ముక్కున వేలేసుకుంది.

"వాడి గుడ్డతోనే వాడికి మాసిక," అంది. "రంగు తేడా కూడా రాదు."

డాక్టరమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం వాళ్ళు చూడటం అదే మొదలు.

ఆ మర్నాటి పొద్దున్న అతను కళ్ళు తెరిచాడు.

అంతకు ముందు కూడా తెరిచాడు గానీ అవి దేన్నీ చూసే కళ్ళు కావు. ఇవి చూశాయి. పంకాను చూశాయి, మందు సీసాను చూశాయి, మెల్లగా కిందికి దిగి పిచ్చుక దగ్గర ఆగాయి. ఆమె కదల్లేదు. కదిలితే చెదిరిపోతాడేమో అన్నట్టు కూర్చుండిపోయింది. అతని పెదవి ఒక పక్కకు సాగింది. దిండు తడి మీద పోట్లాటలో ఓడిపోయినప్పుడు నవ్వే నవ్వు అది. ఎక్కడెక్కడో తిరిగి, ఎవరూ తోడు పోలేని చోటు నుంచి, ఆ నవ్వు చెక్కుచెదరకుండా వెనక్కి వచ్చింది. ఇంత పెద్ద సంగతి ఒక మామూలు పొద్దుట, పక్క మంచం ఆయన పళ్ళు తోముకుంటుండగా జరిగిపోతుందని ఆమె అనుకోలేదు.

వదిన పరిగెత్తుకొచ్చింది. వెనకే డాక్టరమ్మ. అతని కళ్ళలో చిన్న దీపం వేసి చూసింది, తన వేలు అతని చేతికందించింది, అతను పట్టుకుని నొక్కాడు. కాలు గీరితే ముడుచుకున్నాడు. నీళ్ళు చెంచాతో పోస్తే గుటక వేశాడు. వదిన మంచం కోడు పట్టుకుని ఏడుస్తూ, నవ్వుతూ, తమ్ముణ్ణి తిడుతూ, మూటల మీదికి మళ్ళీ ఎక్కితే కాళ్ళు విరగ్గొడతానంటూ తన మామూలు గొంతుతో మొదలుపెట్టింది. వరండా చివరి నుంచి కూడా జనం తొంగి చూశారు.

పిచ్చుక దగ్గరికి వంగి, ఎలా ఉంది, నొప్పి ఉందా, నేనెవరినో తెలిసిందా అని అడిగింది.

అతను ఆమె ముఖం చూశాడు. అక్క ముఖం చూశాడు. మళ్ళీ ఆమె ముఖం. కనుబొమల మధ్య పాత కుట్ల మచ్చ ముడిపడింది.

"ఏమైంది మీకు?" అన్నాడు. వార్డులో ఆ చివరి మంచం దాకా వినిపించేంత గట్టిగా అరిచి అన్నాడు, అరుస్తున్నానని తెలియనట్టు. "ఊరికే పెదాలు ఆడిస్తారేం? మాట్లాడండి."

వదిన నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. డాక్టరమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా మంచం తల వైపుకు, అతనికి కనిపించని చోటికి నడిచింది. బల్ల మీది స్టీలు పళ్ళెం తీసి, చెయ్యి ఎత్తి, రాతి నేల మీదికి వదిలేసింది.

వార్డంతా ఉలిక్కిపడింది. పక్క మంచం ఆయన చేతిలోంచి చెంబు జారిపోయింది. ఎక్కడో ఒక పసిబిడ్డ కెవ్వుమంది.

పరుపులాయన రెప్ప కూడా వేయలేదు. పిచ్చుక పెదాల వంకే చూస్తూ, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.